పొయ్యిమీది పంకా కొనదగినదేనా?

శీతలదేశములలో కాపురము చేయుచున్న మన సోదరీమణులకు ఆశ్వయుజము దాటగానే చలిని గుఱించిన చింత మొదలగును. కట్టెలు తెప్పించుకొనుట, పొగగొట్టము దులిపించుట, కిటికీల సందులు మూయించుట మున్నగు పనులతోపాటు ఆ దినములలో అంగళ్లవారి ప్రకటనలు కూడ ఇల్లు చేరుచుండును. వానిలో ఏటేట తప్పక కనబడునట్టిది యొకటి గలదు. అది కట్టెలు కాల్చు ఇనుపపొయ్యిమీద నుంచు చిన్న పంకా. జానెడెత్తు, నల్లనిరంగు, రెండుగాని నాలుగుగాని రెక్కలు. దానికి తీగ లేదు; బ్యాటరీ లేదు; నొక్కవలసిన మీట లేదు. పొయ్యి రాజుకొని పైపలక కాగిన కొంతసేపటికి తనంత తానే తిరుగ నారంభించును. పొయ్యి చల్లారగా తనంత తానే నిలిచిపోవును. దమ్మిడీ కరెంటు ఖర్చు లేక ఇల్లంతయు వెచ్చనగుననియు, కట్టెల ఖర్చు తగ్గుననియు ప్రకటనలలో వ్రాయుదురు.

మా చెల్లెలి కూతురు గత సంవత్సరము వేల్సు కొండపల్లెలో పాతకాలపు రాతియిల్లొకటి కొనినది. ఇంటిపై అప్పు, ఎనిమిదినెలల పసిబిడ్డ, భర్త యొక్కని జీతము. ఆమె నాకు వ్రాసినదేమనగా: “పెద్దమ్మా, ముందుగదిలో పొయ్యి మండుచుండగా చెమట పట్టుచున్నది. పాప పండుకొను వెనుకగది మాత్రము మంచుగడ్డవలె నున్నది. 120 పౌండ్ల పంకా యొకటి చూచితిని. అది పెట్టినచో వేడి వెనుకగదికి పోవునని వ్రాసియున్నారు. మీ యింట నొకటి యున్నదిగదా. కొనుమందువా, వలదందువా?” ఆ ధనముతో ఆ యింటికి కొన్నివారములకు సరిపడు కట్టెలు వచ్చును. పైగా ప్రశ్న పసిబిడ్డ పండుకొను గదిని గుఱించినది. తేలికగా జవాబు వ్రాయదగినది కాదని తోచి, తీరికగా విచారించి వ్రాసితిని. ఆ జవాబునే కొంత పెంచి ఇచట పొందుపఱచుచున్నాను.

మేము స్కాట్లండు ఈశాన్యభాగమున, అబర్డీను నగరమునకు ఇరువదిమైళ్ల దూరముననున్న పల్లెలో ఉందుము. నా భర్తకు సముద్రములోని నూనెబావుల పని. మా యింటనున్న పంకా మేము కొనినది కాదు. అది మా పొరుగింటి ముసలమ్మగారిది. అది మా యింటికి వచ్చిన కథ పిదప చెప్పెదను.

రెండేండ్లక్రితము మా అత్తగారు అమలాపురమునుండి వచ్చి కొన్ని నెలలు మాతో నుండిరి. ఆమె వచ్చిన మొదటి సాయంకాలమే పొయ్యిముందు కుర్చీ వేసికొని, తిరుగుచున్న ఆ పంకాను చాలసేపు పరీక్షగా చూచి, “ఇదేమిటే అమ్మాయ్, నిప్పుకు వీపు పెట్టి విసురుతోందీ! మంటకు తగలని గాలి ఎందుకే?” అని యడిగిరి. ఈ వస్తువును గుఱించి నేను వినిన మాటలలో ఇంతకంటె సూటియైనది లేదు. మన దేశమున పొయ్యికిని గాలికిని గల సంబంధమే వేఱు. ఊదుగొట్టముతో ఊదినను, కుంపటిముందు విసనకఱ్ఱతో విసరినను ఆ గాలి మంటలోనికి పోవును, నిప్పు రగులును, పొగ తగ్గును. మంట వేడితోనే విద్యుత్తు పుట్టించి దానితో మంటలోనికే గాలి నూదు వంటపొయ్యిలు కూడ నేడు చేయబడుచున్నవి. అవి ఊదుగొట్టమునకు మనుమరాండ్రని చెప్పవచ్చును. ఇచటి గదిపొయ్యి యట్టిది కాదు. అది నలుప్రక్కల మూసిన ఇనుపపెట్టె, ముందు గాజుతలుపు. లోనికి గాలి పోవుటకు సన్నని రంధ్రములు, వానిని మూయుటకు తెఱచుటకు బిళ్లలు ఉండును. పొగ గొట్టముద్వారా పైకి లాగబడును. మీది పంకాకును లోని నిప్పునకును ఎట్టి పొత్తును లేదు. కాబట్టి అది వేడిని పుట్టించునది కాదు. పుట్టి పలకపైకి వచ్చిన వేడిని గదిలో కొంత కదలించునది మాత్రమే. ఈ యొక్క మాట మనసున నిలుపుకొనినచో ప్రకటనలను సులభముగా తూచుకొనవచ్చును.

పొగగొట్టము మాట వచ్చినది గనుక ప్రసంగవశమున నొక సంగతి. మన హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజుగారు, పొగ వంటయింట క్రమ్ముకొనక గొట్టముగుండ వెలుపలికి పోవునట్టి మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో ఆ విషయమై పుస్తకము కూడ ప్రకటించిరి. తల్లుల కండ్లమంటను ఒక ఇంజనీరు తన పరిశోధనకు తగిన విషయముగా నెంచుట నాకెప్పుడును ముచ్చటగా నుండును.

ఇక ఈ పంకా తీగ లేకయే యెట్లు తిరుగుచున్నది? 1821లో సీబెకు అను జర్మను పండితుడు రెండు వేఱువేఱు లోహముల ముక్కలను చుట్టుగా కలిపి, ఒక యతుకును వేడిచేయగా, దగ్గఱనున్న దిక్సూచి ముల్లు కదలుట చూచెను. అది అయస్కాంతప్రభావమని యాయన తలచెను. నిజమునకు అచట విద్యుత్తు పుట్టినది. ఒక కొస వేడిగాను ఒక కొస చల్లగాను ఉన్నచో ఆ భేదమువలననే విద్యుత్తు ప్రవహించును. మన పంకాలో అడుగున కాళ్లవంటి లోహపు దిమ్మ, పైన చల్లదనమునకై పలుచని పలకల వరుస, ఈ రెంటి నడుమ బిస్కత్తంత బిళ్ల యుండును. ఆ బిళ్లలో బిస్మతు టెల్యురైడు అను పదార్థపు చిన్నచిన్న తునకలు జతలుజతలుగా కూర్చియుందురు. దిమ్మ పొయ్యివేడిని పట్టును. పైపలకలు గది గాలికి చల్లబడును. పుట్టిన కొలది విద్యుత్తు బొమ్మకారు మోటారంత మోటారును తిప్పును. విద్యుత్తు లేని రష్యా పల్లెలలో పూర్వము కిరసనాయిలు దీపము వేడితో రేడియో పాడించినదియు, 1977లో అమెరికావారు సూర్యకుటుంబము దాటునట్లు పంపిన వోయేజరు నౌకలకు శక్తి నిచ్చుచున్నదియు ఈ సూత్రమే. గొప్పవారి బంధువే గాని, మన పంకాకు దక్కిన పాలు చాల చిన్నది. పలకనుండి తీసికొనిన వేడిలో విద్యుత్తుగా మాఱునది నూటికి కొద్దిపాళ్లే.

మఱియొక జాతి పంకా గలదు. అందు బిళ్ల లేదు. వేడికి వ్యాకోచించు గాలి ముషలకమును త్రోయగా చక్రము తిరుగును. ఈ యంత్రమునకు 1816లో హక్కుపత్రము పొందినవాడు రాబర్టు స్టర్లింగను మతగురువు. మా కీవల పెర్తుషైరులో పుట్టినవాడు. చూచుటకు గడియారపు లోపలిభాగమువలె ముద్దుగా నుండును. ధర మాత్రము ముద్దుగా నుండదు. బిళ్లపంకాలు 30 పౌండ్లనుండి దొరకును; కెనడాలోని ఒంటారియోలో కాఫ్రామో సంస్థవారు చేయు ఎకోఫాన్ వంటి పేరుపడిన రకములు 100 పౌండ్లు దాటును; స్టర్లింగు పంకాలు అంతకంటె పైన నుండును. చేయుపని మాత్రము అన్నిటిదిని ఒక్కటే.

ఆ పని యెంతటిదో తెలిసికొనుటకు నేను శాస్త్రజ్ఞుల పరికరములేవియు వాడలేదు. దేవునిగూటిలోని అగరువత్తి చాలినది. గాలి యెటు పోవుచున్నదో పొగ చెప్పును. పొయ్యి బాగుగా కాగి పంకా జోరుగా తిరుగుచుండగా, దాని యెదుట గజము దూరమున వత్తి పట్టుకొంటిని. పొగ చక్కగా ముందునకు వంగినది. రెండుగజముల దూరమున కొంచెము తడబడినది. గది చివర, నడవలోనికి తెఱచిన వాకిటివద్ద వింత కనబడినది. గుమ్మము పైకమ్మివద్ద పొగ మెల్లగా నడవవైపు పోవుచుండెను. గడపవద్ద అదే పొగ గదిలోనికి వచ్చుచుండెను. వెచ్చనిగాలి తేలికగనుక పైనుండి వెలుపలికి పోవుచు, చల్లనిగాలి బరువుగనుక నేలబడి లోనికి ప్రవేశించుచున్నదన్నమాట. ఇది పంకా మహిమ యేమోయని, దస్తీతో పట్టుకొని దానిని పొయ్యిమీదినుండి దించి మఱల చూచితిని. పొగ అదేతీరున, అంతే నెమ్మదిగా పోవుచుండెను. వాకిటివద్ద జరుగు వ్యవహారమునకు ఆ పంకా యున్నను ఒక్కటే, లేకున్నను ఒక్కటే.

అందులో ఆశ్చర్యమేమియు లేదు. నిమిషమునకు నూఱు ఘనపుటడుగులకు పైగా గాలిని కదలించునని ఇట్టి పంకాల పెట్టెలపైన వ్రాయుదురు. సామాన్యమైన బల్లపంకా అంతకు ఎన్నోరెట్లు కదలించును. మఱియు ఇట్టి పొయ్యి ఇచ్చు వేడిలో పెద్దభాగము గాలిద్వారా వచ్చునది కాదు; ఎండవలె తిన్నగా వచ్చి మేనికి తగులునది. మీ ముఖమునకును పొయ్యికిని నడుమ వార్తాపత్రిక నొకదానిని అడ్డము పెట్టి చూడుడు; బుగ్గలమీది వేడి తక్షణమే మాయమగును. ఆ వేడిని ఏ పంకాయు పట్టి మఱియొక గదికి పంపజాలదు.

తరువాత బల్లపంకాను తెచ్చి, గదిలో గాక నడవలో, నేలమీద నుంచి, దాని ముఖము పొయ్యిగదివైపు త్రిప్పి, మిక్కిలి నెమ్మదిగా తిరుగనిచ్చితిని. ఇది విపరీతముగా తోచును. వేడిని తీసికొనిపోవలసినచోట చలిని లోనికి త్రోయుటయా? కాని నేలబడి బరువుగానున్న చల్లనిగాలిని త్రోయుట సులభము. అది లోనికి పోయిన కొలది గుమ్మము పైభాగమునుండి వెచ్చనిగాలి దాని స్థలమునకు రాక తప్పదు. వత్తిని పైకమ్మివద్ద పట్టగా పొగ దారమువలె సాగి నడవలోనికి పోయినది. 20 వాట్ల పంకా పదిగంటలు తిరిగినచో యూనిటులో అయిదవవంతు. 2025లో ఈ దేశమున యూనిటు ధర 25 పెన్నీల ప్రాంతమున నుండెను. రాత్రికి అయిదు పెన్నీలు. చలికాలమంతయు త్రిప్పినను ఎనిమిది పౌండ్లు కాదు. ఒక్క హెచ్చరిక. పొయ్యితలుపు తెఱచి కట్టె వేయునప్పుడు ఈ పంకాను ఆపవలెను. వంటయింటి పొగపంకా తిరుగుచున్నచో అదియు ఆపవలెను. లేనిచో గొట్టమున పోవలసిన పొగ గదిలోనికి లాగబడవచ్చును.

పాపగదిని గుఱించి మా చెల్లెలి కూతురికి వేఱుగ వ్రాసితిని. పసిబిడ్డ గది అనగానే మనవారికి బాలింతగది జ్ఞాపకమునకు వచ్చును. కుంపటి, సాంబ్రాణి, చెవులమీదికి టోపి, మూసిన కిటికీలు. ఈ దేశపు వైద్యులు బిడ్డ నిద్రించు గది 16 మొదలు 20 డిగ్రీల సెల్సియసు ఉండిన చాలునందురు. అంతకుమించి వేడి చేయుట, నిద్రలో తలకు టోపి యుంచుట, బరువైన దుప్పట్లు కప్పుట బిడ్డ ప్రాణమునకే ప్రమాదమందురు. శిశువులు నిద్రలో హఠాత్తుగా మరణించుటకు అతివేడియు నొక కారణముగా వారెన్నుదురు. కాబట్టి “మంచుగడ్డవలె” ననుట చాలదు. ఉష్ణమాపక మొకటి తొట్టిప్రక్కన నుంచి అంకె చూచి వ్రాయుమంటిని. రాత్రి పదిగంటలకు 14 అని వ్రాసినది. నడవలో బల్లపంకా, రెండుతలుపులు తెఱచి యుంచుట. ఇంతమాత్రముచేత రెండవ రాత్రికి 17 వచ్చినది. పంకాగాలి తొట్టివైపు పోకుండ చూచుకొనుమని మాత్రము మఱల మఱల చెప్పితిని.

తలుపులు తెఱచి నిద్రించు ఇంటిలో మఱియొక వస్తువు మొదట ఉండవలెను. నిప్పు సరిగా మండకున్నను, గొట్టము పూడినను కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. కుంపటి గదిలో పెట్టుకొని తలుపులు బిగించి పండుకొనినవారు తెల్లవారునప్పటికి లేవకపోవుటను గుఱించి మన దేశమునను వినుచునే యున్నాము. ఆ వాయువును పసిగట్టి మ్రోగు గంట యొకటి దొరకును. స్కాట్లండులో కట్టెలపొయ్యి యున్న గదియందు అది తప్పక యుండవలెనని 2022 ఫిబ్రవరినుండి చట్టమే గలదు. మీ సీమలో చట్టమున్నను లేకున్నను, పంకాకు దాచిన ధనములోనుండి ముందుగా దీనిని కొనుడు.

ఆ పిదప మిగిలిన దానితో కట్టెల తేమ కొలుచు చిన్న పరికరము కొనుడు. కట్టెల ఖర్చు తగ్గించుట పంకా చేతిలో లేదు; అది తేమ చేతిలో నున్నది. పచ్చికట్టె బరువులో సగము నీరే యుండవచ్చును. ఒక్కొక్క కిలో నీరు కాగి ఆవిరియై పోవుటకు ఇంచుమించు ముప్పాతిక యూనిటు వేడి ఖర్చగును. ఆ వేడి మన మేనికి తగులక గొట్టమున పోవును. అంతటితో పోదు. నిప్పు చల్లబడి సరిగా కాలని పొగ గొట్టము గోడలకు జిగురువలె అంటుకొనును. ఒకనాడు ఆ జిగురే అంటుకొని గొట్టము మండును. ఇంగ్లండులో 2021 మే నెలనుండి చిన్నమోపులుగా అమ్ము కట్టెలలో తేమ నూటికి 20 పాళ్లకు మించరాదని నియమము చేసిరి. మోపులు కొనక చెట్టుకొమ్మలు నఱికి తెచ్చుకొనువారు ఒకటి రెండేండ్లు గాలి తగులుచోట పేర్చి యుంచవలెను. కట్టెను అప్పటికప్పుడు చీల్చి, లోపలిముఖమున పరికరపు ముళ్లు గ్రుచ్చి చూడవలెను. పైబెరడున చూచినచో అది పొడిగానే చెప్పును. మన అమ్మలు ఒకదానిమీద ఒకటి కొట్టి చప్పుడు వినియే తెలిసికొనెడివారు. ఎండిన కట్టె ఖణిల్లుమనును, పచ్చిది దబ్బుమనును.

ఇంతవఱకు చదివినవారు, అయినచో ఆ పంకా వట్టి బొమ్మయని నా యభిప్రాయమనుకొనవచ్చును. కాదు. అది మా యింటికి వచ్చిన కథ ఇప్పుడు చెప్పెదను.

2021 నవంబరు 26వ తేదీ శుక్రవారము రాత్రి ఆర్వెన్ అను పేరుగల తుపాను మా సీమపై విరుచుకొనిపడినది. మామూలుగా ఇచట పెద్దగాలులు పడమటినుండి వచ్చును, ఆనాటిది ఉత్తరపుగాలి. దానికి అలవాటుపడని చెట్లు వేళ్లతో కూలినవి, స్తంభములు విఱిగినవి, తీగలు తెగినవి. లక్షలకొలది యిండ్లలో దీపములారినవి; కొన్ని యిండ్లకు వారమునకు పైగా కరెంటు రాలేదు. మాకు ఆరుదినములు. కరెంటు లేనిచో గదులను వెచ్చబఱచు యంత్రము పనిచేయదు, వేడినీరు రాదు, నేను ఇంతవఱకు పొగడిన బల్లపంకా మూలబడియుండు ఇనుము. తెల్లవారగానే నా భర్త పొరుగింటికి పోయి చూచిరి. చెట్టుకొమ్మ విఱిగిపడి ముసలమ్మగారి పొగగొట్టము పైభాగము కూలినది. పొయ్యి వెలిగింప వీలులేదు. ఎనుబదియేండ్ల మనిషి కోటుమీద కోటు తొడిగికొని, వంటయింట నొంటరిగా కూర్చుండియుండిరి. మా యింటికి రమ్మనగా ఆమె వెంట తెచ్చుకొనినవి మూడు: మందులసంచి, పిల్లి, తువాలులో చుట్టిన ఈ పంకా.

ఆ ఆరుదినములును మేమయిదుగురమును పిల్లియు పొయ్యిగదిలోనే పడకలు వేసికొంటిమి. పొయ్యిపైననే చారు కాచితిమి, ఉప్మా చేసితిమి. ముసలమ్మగారు చారును గాజుగ్లాసులో పోయించుకొని సూపువలె త్రాగి మఱికొంచెమడిగిరి. పంకా ఆ మూలనుండి తిరుగుచునే యుండెను. అది లేనప్పుడు పొయ్యికి దగ్గఱ పండుకొనినవారు దుప్పటి తన్నివేయగా, గోడదగ్గఱవారు ముడుచుకొనెడివారు. అది వచ్చిన పిదప ఆ భేదము కొంత తగ్గినదని పిల్లలిద్దఱును గట్టిగా చెప్పిరి. నేల చల్లదనము మాత్రము పోలేదు. ఒక్క గదిలోనే యందఱు నుండవలసినప్పుడు, ఆ గదిలోని వేడిని సమముగా పంచుటకు అది పనికివచ్చినది. కరెంటు లేని దినములలో ఆ పని చేయగలది మఱియొకటి లేదు.

ముసలమ్మగారు దానిని వాడు తీరు వేఱు. ఆమెకు వినికిడి తక్కువ, చూపు మందము. పొయ్యిగాజు మసిపట్టియుండును గనుక లోపల నిప్పెంత మిగిలినదో ఆమెకు తెలియదు. పంకారెక్కల తళుకు మాత్రము కనబడును. అది జోరుగా తిరిగినచో పొయ్యి మితిమీరి కాగుచున్నది, గాలిరంధ్రము తగ్గింపవలెను. మందగించినచో కట్టె వేయవలెను. నిలిచినచో పొయ్యి చల్లారినది. భర్త పోయిన పిదప పదునొకండేండ్లు ఆమె ఆ పంకాతోడనే చలికాలములు గడపిరి. తుపాను రాత్రులలో మేమును వంతులవారీగా మేలుకొని దానినే చూచుచు కట్టెలు వేసితిమి. మఱుచటి వసంతమున ఆమె కుమారునియొద్దకు పోవుచు, ఆ యింట పొయ్యి లేదని దానిని మాకిచ్చిరి.

కాబట్టి నా తీర్పు ఇది. మఱియొక గదిని వెచ్చబఱచుటకై దీనిని కొనవలదు; కట్టెలు మిగులునను ఆశతోను కొనవలదు. పెద్దదైన యొకే గదిలో పొయ్యికి దూరముగా కూర్చుండవలసినవారు, తఱచు కరెంటు పోవు పల్లెలలో నుండువారు, ముసలమ్మగారివలె నిప్పు నాడి చూచుకొనవలసినవారు కొనవచ్చును; 30, 40 పౌండ్లది చాలును. దీనిలో చెడునవి బిళ్లయు మోటారును. అవి విడిగా దొరకు రకమును ఎన్నుకొనినచో మేలు. చాల పంకాలు పలక 65 మొదలు 85 డిగ్రీల వఱకు కాగినప్పుడు తిరుగ నారంభించును; 340, 350 డిగ్రీలు దాటినచో బిళ్ల చెడును. కొన్నిటి యడుగున, మితిమీరిన వేడికి వంగి పంకాను కొంచెము పైకెత్తు లోహపుపట్టీ యుండును. దానిని పొయ్యి ముందంచున ఉంచరాదు. గొట్టమునకు ఆనించియు ఉంచరాదు. వెనుకగా ఒక ప్రక్కన ఉంచినచో వెనుకనుండి చల్లనిగాలి లాగి తన పలకలను చల్లబఱచుకొనును; ఆ చల్లదనమే దాని బలము. మీది పలక వేడెక్కకుండ రెండుపొరల తొడుగుగల పొయ్యిలు కొన్ని గలవు. వానిమీద ఇది సరిగా తిరుగదు.

అన్నిటికంటె ముందు కొలతబద్ద తీసికొని పొయ్యిమీద ఎంత చోటున్నదో కొలుచుకొనవలెను. ఈ మాట వ్రాసిన వారమునకు మా చెల్లెలి కూతురు జవాబు వ్రాసినది. వారి పొయ్యి గోడగూటిలో నిమిడియున్నదట. పలకకును పైరాతికిని నడుమ నాలుగంగుళములే యున్నవట. ఏ పంకాయు అందు పట్టదు. అమ్మగారింటినుండి తెచ్చుకొనిన చిన్న ఇత్తడిచెంబు మాత్రము సరిగా పట్టినదట. పాప స్నానమునకు వేడినీళ్లు అందు కాచుకొనుచున్నదట.